గర్భిణికి కడుపునొప్పి వస్తే తెల్లవారే దాకా ఆగకండి

పోయిన వారం కూకట్‌పల్లి నుంచి అయిదో నెల గర్భిణిని అర్ధరాత్రి మా ఆపరేషన్ థియేటర్‌కు తెచ్చారు. కుడివైపు నొప్పి మొదలై అప్పటికే రెండు రోజులు. "గ్యాసే అనుకుని వాము నీళ్లు పట్టించాను సిస్టర్" అంటూ అత్తగారు ఒకటే ఏడుపు. అపెండిక్స్ పగిలింది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు.

థియేటర్ నర్సుగా నేను చూసినంతలో ఇళ్లను ముంచేది ఆపరేషన్ కాదు, ఆలస్యం. పగలకముందే అపెండిక్స్ తీసేస్తే బిడ్డకు ప్రమాదం తక్కువ. పగిలాక అది ఎన్నో రెట్లవుతుంది. "కాన్పయ్యాక చూద్దాం" అని ఎవరన్నా ఒప్పుకోకండి. అవసరమైతే ల్యాపరోస్కోపీ, అంటే పొట్టలో గ్యాస్ నింపి చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్, ఏ నెలలోనైనా చేస్తారు.

పొట్టలో గ్యాస్ నింపితే హార్మోన్లు తారుమారై గర్భం పోతుందని చాలామంది భయం. ఆ గ్యాస్ ఒత్తిడికీ, కోతకూ కార్టిసాల్, అడ్రినలిన్, వాసోప్రెసిన్ అనే హార్మోన్లు కొంతసేపు పెరిగే మాట నిజమే. అందుకే ఒత్తిడిని మామూలుగా 10–15 మిల్లీమీటర్ల పాదరసం మధ్యనే ఉంచుతారు. నెలలు పెరిగిన గర్భిణికి కుడి తుంటి కింద దిండు పెట్టి ఎడమకు వాల్చి పడుకోబెడతాం. గర్భసంచి బరువు పెద్ద రక్తనాళాల మీద పడితే బిడ్డకు రక్తం తగ్గుతుంది. కానీ రెండు రోజులు నొప్పి, జ్వరం, చీము భరించే ఒంట్లో ఆ హార్మోన్లు దిగే అవకాశమే ఉండదు. పైగా ఇన్‌ఫెక్షన్‌తో పుట్టే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు గర్భసంచికి నొప్పులు తెప్పిస్తాయి. ఆగితే హార్మోన్లు కుదుటపడవు. ఆగకండి.

హార్మోన్ గురించి నిజంగా పట్టుబట్టి అడగవలసిన సందర్భం ఒకటుంది. తొలి నెలల్లో అండాశయం మెలిపడితే చేసే ఆపరేషన్ అది. మావి ఆ పని అందుకునే వరకు, అంటే సుమారు 7–10 వారాల దాకా, గర్భాన్ని నిలిపే ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ కార్పస్ లూటియం నుంచే, అంటే అండం విడుదలయ్యాక అండాశయంలో ఏర్పడే చిన్న గ్రంథి నుంచే వస్తుంది. ఆ గ్రంథిని తీసేశారా, ప్రొజెస్టరాన్ మందు ఎన్ని వారాలు వాడాలి అన్నవి డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోండి. మధ్యలో సొంతంగా మానకండి.

ఇక మిగిలినవి. నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో రాసుకోండి. గర్భం పెరిగే కొద్దీ అపెండిక్స్ నొప్పి పైకి జరగవచ్చు, కింద లేదని ధీమా పడకండి. గర్భిణికి రక్తంలో తెల్లకణాలు మామూలుగానే పెరుగుతాయి, రిపోర్టు చూసి మీరే తీర్పు చెప్పకండి. ఐబుప్రొఫెన్ వంటి నొప్పి బిళ్లలు వేసుకోకండి. బయలుదేరాక ఏమీ తినకండి. ఎన్నో వారమో మత్తు డాక్టరుకు చెప్పండి. సర్జన్, ప్రసూతి డాక్టరు ఇద్దరూ ఉన్న ఆస్పత్రికే వెళ్లండి. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా బిడ్డ గుండె చప్పుడు చూశారా అని అడగండి. తర్వాత భుజం లాగితే కంగారు వద్దు, లోపల మిగిలిన గ్యాస్ వల్ల అది. డాక్టరు లేవమనగానే లేచి నడవండి, కాళ్లలో రక్తం గడ్డకట్టకూడదు. రక్తం కనిపించినా, నీరు కారినా, పొట్ట బిగుసుకుని వదులుతున్నా క్షణం ఆగకండి. ట్రాఫిక్ తగ్గనీ అనకండి, మీ వారు ఆఫీసు నుంచి వచ్చే దాకా చూడకండి. 108కి ఫోన్ చేయండి.