మంచు తోయడానికి పాత పికప్ ట్రక్కు కొనేటప్పుడు

బఫెలో, డెట్రాయిట్, మినియాపొలిస్ వంటి ఊళ్ల శివార్లలో పొడవైన డ్రైవ్‌వే ఉన్న ఇల్లు కొన్నవారికి రెండు మూడు శీతకాలాలు గడిచేసరికి సొంతంగా ఒక ప్లౌ ట్రక్కు (ముందు భాగాన మంచును తోసే పెద్ద పలక, అంటే ప్లౌ, తగిలించిన పికప్పు) ఉంటే బాగుండునన్న ఆలోచన వస్తుంది. ముందుగా ఒక భ్రమను తొలగించుకోవాలి. 2022 నవంబరులో బఫెలోకు దక్షిణాన ఉన్న ఆర్చర్డ్ పార్కులో ఒక్క తుపానులోనే ఆరున్నర అడుగులకు పైగా మంచు కురిసింది. అంతటి మంచును తీయడం పికప్పు వల్ల అయ్యే పని కాదు, దానికి లోడర్లే రావాలి. ఐదారు అంగుళాలు పడిన మామూలు ఉదయాల్లో, ఆఫీసు వేళకు కారు బయటికి తీసేందుకు దారి చేసుకోవడమే పికప్పు పని.

ఎనిమిది అడుగుల ఉక్కు ప్లౌ ఏడెనిమిది వందల పౌండ్లు తూగుతుంది, ఆ బరువంతా ముందు ఇరుసుకు అవతల వేలాడుతుంది. అందుకే ఫోర్డ్ ఎఫ్-250, షెవీ సిల్వరాడో 2500, రామ్ 2500 వంటి ముప్పావు టన్ను తరగతి (మోసే బరువును బట్టి వచ్చిన పాత పేరు) ట్రక్కులను వెతకడం మంచిది. డ్రైవరు తలుపు తీస్తే అంచున ఉండే స్టిక్కరు మీద ముందు ఇరుసు ఎంత బరువు మోయగలదో రాసి ఉంటుంది కనుక, బేరానికి ముందే దాన్ని ఫొటో తీసుకోండి. అర టన్ను ట్రక్కుకు తేలికపాటి ప్లౌలు దొరుకుతాయి గాని, పాతబడిన అర టన్ను బండికి ఆ బరువు తగిలించడం నాకు నచ్చదు.

ఇక అసలు విషయం తుప్పు. ఈ ప్రాంతాల్లో రోడ్లపై చల్లే ఉప్పు ఇంజను కన్నా ముందు ఫ్రేమునే తినేస్తుంది. పాత చాప, టార్చి, చిన్న సుత్తి పట్టుకెళ్లి బండి కిందికి దూరండి. ఫ్రేమును సుత్తితో తట్టినప్పుడు ఖణీమని మోగితే ఇనుము గట్టిగా ఉన్నట్టు. చప్పుడు మందంగా వచ్చి, తుప్పు పొరలు పొరలుగా మొహం మీద రాలితే ఆ బండిని వదిలేయడమే మేలు. వెనుక ఇరుసు పైభాగం, స్ప్రింగు పట్టీలు ఫ్రేముకు తగిలే చోట్లు, క్యాబిను మూలలు తప్పక చూడాలి. ఫ్రేముకు కొత్తగా నల్ల రంగు పూసి ఉంటే మురిసిపోకండి, అది పైన పటారం లోన లొటారం కావచ్చు.

ఫ్రేము వెంబడి సాగే సన్నని బ్రేకు లైన్లను టార్చి వెలుతురులో మొదలు నుంచి చివరి దాకా వేలితో తడుముతూ పోవాలి. నా మొదటి ట్రక్కు కొన్న పదో రోజున డ్రైవ్‌వే చివర బ్రేకు పెడలు నేల దాకా దిగిపోయింది. ఇంధనపు ట్యాంకు పైన, కంటికి కనిపించని చోట, లైను చిల్లు పడింది. ఎదురుగా మంచు గుట్ట ఉండబట్టి సరిపోయింది. అప్పటి నుంచి పరీక్షకు వెళ్లినప్పుడు బండి నిలిపి ఉంచి బ్రేకును గట్టిగా నొక్కి పట్టి, పెడలు మెల్లగా కిందికి జారుతుందేమో చూస్తాను.

ప్లౌ బండిలో తుప్పు తరువాత చూడాల్సింది ట్రాన్స్‌మిషన్, అంటే గేర్లు మార్చే భాగం. గంటకు వందసార్లు ముందుకీ వెనక్కీ మార్చడం వల్ల అది వేడెక్కి అరిగిపోతుంది. ట్రాన్స్‌మిషన్ నూనె చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్కు, ఉన్న బండి అయితే దాని కొనను తెల్లటి టిష్యూకు అద్దండి: ఎర్రగా ఉంటే మంచిదే, గోధుమరంగుకు తిరిగి మాడు వాసన వేస్తే కాదు. ఫోర్ వీల్ డ్రైవును హై గేరులోనూ లో గేరులోనూ కంకర నేల మీద పరీక్షించాలి, పొడి తారు రోడ్డు మీద వద్దు. తరువాత ముందు చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు కదిలితే బాల్ జాయింట్ల (ముందు చక్రాన్ని పట్టి ఉంచే కీళ్ల) ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగండి.

ప్లౌను అమ్మేవారి మాటతో నమ్మక, పది పన్నెండు సార్లు ఎత్తించి, దించించి, రెండు పక్కలకూ తిప్పించి చూడండి. ఎత్తేటప్పుడు హెడ్‌లైట్లు మరీ మసకబారితే బ్యాటరీనో ఆల్టర్నేటరునో అనుమానించాలి. ప్లౌను ఎత్తే పంపులోని నూనె పాలలా తెల్లబడి ఉంటే అందులో నీరు చేరినట్టు; గడ్డ కట్టే చలిలో అది మొరాయిస్తుంది.

దక్షిణాన టెక్సాస్‌లోని డాలస్‌లో చుట్టమో స్నేహితుడో లేని తెలుగు కుటుంబం ఇక్కడ అరుదు. అక్కడి బండ్లకు ఉప్పు పెద్దగా తగలదు కనుక, వారి చేత చూపించి తుప్పు పట్టని ట్రక్కు తెప్పించుకోవడం చాలాసార్లు లాభమే. కాకపోతే ప్లౌను తగిలించే మౌంటు ఒక్కో మోడలుకు ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి, ముందు ట్రక్కు ఖరారు చేసుకుని ఆ తరువాతే ప్లౌ వెతకాలి. రెండూ కలిపి ఇక్కడే కొనేవారు ఏప్రిల్, మే నెలల్లో బేరమాడితే, తొలి మంచు భయం పట్టుకునే నవంబరు కన్నా తక్కువకు వస్తుంది.

బండి యాజమాన్య పత్రం (టైటిలు) అమ్మే వ్యక్తి పేరుమీదే ఉందా, బండి మీద అప్పు ఉందా అన్నది డబ్బు ఇవ్వకముందే చూసుకోవాలి. పక్కింటివారి డ్రైవ్‌వేలను డబ్బు తీసుకుని తోయాలనుకుంటే మామూలు వాహన బీమా సాధారణంగా వర్తించదు. ఏజెంటును అడిగి వాణిజ్య పాలసీ తీసుకోండి.

బండిని ఇంటికి తెచ్చేటప్పుడు ప్లౌను పూర్తిగా పైకెత్తి హైవే మీద నడపకండి. అది రేడియేటరుకు గాలి అందకుండా అడ్డుపడి ఇంజను వేడెక్కుతుంది. కొంచెం దించి, ఒక పక్కకు తిప్పి, వేడి చూపే ముల్లు మీద ఒక కన్నేసి నెమ్మదిగా రండి.