చేతి కత్తెరతో గొర్రె ఉన్ని తీయడం – 3వ పాఠం: కూర్చోబెట్టడం, పొట్ట ఉన్ని

కత్తెర సాన పట్టడం, పట్టుకోవడం కిందటి రెండు పాఠాల్లో అయిపోయాయి. ఉత్తగాల్లో కత్తెర ఆడించి మణికట్టు నొప్పి పుట్టించుకున్నవాళ్లంతా ఇక గొర్రె దగ్గరికి రావచ్చు.

ముందు ఉన్ని పొడిగా ఉందో లేదో చూడండి. పైపైన ఆరినట్టే ఉంటుంది, వేళ్లతో పాయ తీసి కుదుళ్ల దగ్గర తడిమితే అసలు సంగతి తెలుస్తుంది. తడి ఉన్ని మూట కడితే ముక్కిపోతుంది. గొర్రె కడుపు కూడా ఖాళీగా ఉండాలి కాబట్టి ముందు రోజు సాయంత్రం నుంచే మేత ఆపేయండి. నిండు కడుపుతో కూర్చోబెడితే ఆ బరువంతా ఊపిరితిత్తుల మీద పడి ఆయాసపడుతుంది, తన్నుకుంటుంది. నెలలు నిండిన చూడి గొర్రె జోలికి నేర్చుకునే దశలో వెళ్లనే వద్దు.

ఇక కూర్చోబెట్టడం. కుడిచేతి వాటం వాళ్లకు చెబుతున్నాను, ఎడమచేతి వాటమైతే అంతా తిరగేసుకోండి. గొర్రెకు ఎడమ పక్కన నిలబడి, ఎడమచెయ్యి దవడ కింద వేసి, తలను దాని కుడి భుజం మీదికి తిప్పండి. కుడిచెయ్యి దాని కుడి తుంటి మీద ఉండాలి. తల అటు తిరగ్గానే నడుము మీవైపు వాలుతుంది. సరిగ్గా అప్పుడే ఒక అడుగు వెనక్కి వేస్తూ తుంటిని మీవైపు లాగితే దానంతటదే కూలబడుతుంది. ఎత్తి పడేసే పని కాదిది, కండబలం పెద్దగా అక్కర్లేదు. ఉన్ని గుప్పిట పట్టి లాగితే మాత్రం కింద చర్మం కమిలిపోతుంది.

ముందుకాళ్లు పట్టి పైకి లేపి, వీపును మీ మోకాళ్ల మధ్య ఆనించుకోండి. తోక ఎముక మీద నిటారుగా కూర్చుంటే అది కుదురుగా ఉండదు, కాస్త ఒక పిర్ర మీదికి ఒరగాలి. ఏ గిట్టా నేలకు ఆనకూడదు. నేల తగిలిందంటే లేచి పోవడానికే చూస్తుంది. పెనుగులాడితే అదిమి పట్టకుండా ముందు మీ పాదాలు సర్దుకోండి. చాలాసార్లు అసలు కారణం మీ మోకాలు దాని డొక్కలో పొడుచుకోవడమే.

ఇప్పుడు అసలు విషయం. కత్తెర కుడిచేతిలో ఉన్నా పని నడిపించేది ఎడమచెయ్యే. కొత్తవాళ్లు కత్తిరించే చోట ఉన్నిని పైకి లాగి పట్టుకుంటారు. ఉన్నితో పాటు చర్మమూ పైకి లేచి ముడత పడుతుంది, ఆ ముడత కాస్తా కత్తెర నోట్లోకి వెళ్తుంది. గాయాల్లో ఎక్కువ భాగం ఇలాగే అవుతాయి. అందుకే ఉన్నిని వదిలేయండి, చర్మాన్ని పట్టుకోండి. కత్తెర వెళ్లే దిక్కుకు ఎదురుగా, అరచెయ్యి పరచి చర్మాన్ని వెనక్కి సాగదీయండి. డప్పు మీది తోలులా బిగువుగా ఉన్నచోట కత్తెర జారిపోతుంది. కింది రేకు చర్మానికి బల్లపరుపుగా ఆనాలి, మొన మాత్రం చర్మంలోకి దిగకూడదు. కత్తెరను పూర్తిగా తెరవకుండా ముందుకు తోస్తూ మూయండి.

రొమ్ము దగ్గర మొదలుపెట్టి, పొట్టకు కుడి అంచు వెంట డొక్క దాకా ఒక దారి తీయండి. తర్వాత ఆ దారి నుంచి ఎడమ అంచుకు వరసలు వేసుకుంటూ పోవాలి. పొట్ట చర్మం పలచన, పైగా ముందుకాలి చంకలోనూ డొక్క దగ్గరా మడత ఉంటుంది. ఆ రెండు చోట్లా వేగం వద్దు. పిడికిలితో డొక్క గుంటలో మెల్లగా నొక్కితే వెనక కాలు చాపుకుంటుంది, మడత విప్పుకుంటుంది. ఆడగొర్రె అయితే చనుమొనల మీద ఎడమ అరచెయ్యి కప్పి ఉంచాలి, కత్తెర ఆ అరచేతి అంచు వెంట మాత్రమే తిరగాలి. పొట్టేలుకు మూత్రం వచ్చే చోట మొన అటు చూడకుండా అడ్డంగా కత్తిరించండి. పొట్ట ఉన్ని పొట్టిది, మురికిది. దాన్ని వేరే సంచిలో వేయండి, వీపు ఉన్నితో కలిస్తే మొత్తం సరుకు విలువ పడిపోతుంది.

కత్తిరించాక కుచ్చులు మిగిలాయని వెనక్కి వెళ్లకండి. రెండోసారి తెగేది పొట్టి తునకలే, అవి వడకడానికి పనికిరావు. మిషన్ కంటే చేతి కత్తెర కాస్త ఎక్కువ ఉన్ని వదులుతుంది, చలిలో అది గొర్రెకు మంచిదే. 1892లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో జాకీ హోవ్ చేతి కత్తెరతో 7 గంటల 40 నిమిషాల్లో 321 గొర్రెలకు ఉన్ని తీశాడు. అంటే ఒక్కోదానికి నిమిషంన్నర కూడా కాదు! అది చూసి చెయ్యి తొందర పెట్టకండి. అంత వేగం రావాలంటే ముందు వృథా కోతలు పోవాలి.

గీరుకుంటే వెంటనే క్రిమిసంహారక మందు రాయండి. వదిలేస్తే ఈగలు గుడ్లు పెట్టి పురుగు పడుతుంది. గాయం లోతుగా ఉంటే అక్కడితో ఆపి పశువైద్యుడిని పిలవండి.

ఈ వారం పొట్ట వరకే చేసి వదిలేయండి. పొట్ట, తోక చుట్టూ మాత్రమే తీయడం గొర్రెల పెంపకంలో మామూలే, కాబట్టి గొర్రెకు నష్టం లేదు. వదిలే ముందు కత్తెర కింద పెట్టి దూరంగా జరిపేయండి, అది లేచే ఊపులో ఎటు దూకుతుందో చెప్పలేం. తర్వాత రేకులకు పట్టిన ఉన్ని జిడ్డును గుడ్డతో తుడిచి, నూనె రాయండి. వచ్చే పాఠంలో ఎడమ తొడ, మెడ.