మార్నింగ్ వాక్ వారం దాటట్లేదా?

జనవరి మొదటి వారంలో బెజవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో నడవడానికి సందుండదు. నెలాఖరుకి పాత మొహాలే మిగులుతాయి. నేనూ రెండుసార్లు అలా మాయమైనవాణ్ణే. బద్ధకం అని మనల్ని మనమే తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు తప్పు మనం మొదలుపెట్టిన తీరులో ఉంటుంది.

మొదటి రోజు హుషారు, మూడో రోజు మెట్లు దిగలేని నొప్పి

అలవాటు లేని పని చేస్తే కండరాల నొప్పి వెంటనే తెలియదు. 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. తొలిరోజే గాంధీ కొండ ఎక్కి దిగినవాళ్లకు తొడలు పట్టేసేది అందుకే. ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ నొప్పి తెస్తుంది.

మొదటి రెండు వారాలు మీరు చేయగలిగినదాంట్లో సగమే చేయండి. ఇంకాస్త నడవాలనిపిస్తుండగానే ఇంటిదారి పట్టండి. గుండెలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి వేరే సంగతి, ఆగిపోయి డాక్టర్‌కి చూపించుకోవాలి.

అలారం మోగగానే విసుగు

అసలు చిక్కు ఇదే. కారణం వేగం. పక్కనుంచి కుర్రాడెవడో దూసుకుపోతే మనమూ రోషానికి పోతాం. ఊపిరి అందనంత వేగంలో చేసిన పని చాలామందికి రోతగా ఉంటుంది. మర్నాడు అయిదింటికి దుప్పట్లో గుర్తొచ్చేది ఆ రొప్పే.

నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మాటే రాకపోతే వేగం తగ్గించండి, కూనిరాగం హాయిగా సాగుతుంటే కాస్త పెంచండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు చాలన్నది ఈ పాటి శ్రమ గురించే. ఫోన్‌లో 10,000 అడుగులు కనిపించలేదని టెన్షన్ పడేవాళ్లకు ఒక మాట: ఆ అంకె 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని అమ్మడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది.

ఇంకో కిటుకు ఉంది. ఒళ్లు వెచ్చబడ్డాక కష్టమైన భాగం ముందే కానిచ్చేసి, పోనుపోను తగ్గించండి. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇలా చేసినవాళ్లకు, చివర్లో శ్రమ పెంచినవాళ్ల కన్నా ఆ వ్యాయామం బాగుందనిపించింది. నా చివరి పది నిమిషాలు ప్రకాశం బ్యారేజీ దగ్గర నత్తనడకే. మర్నాడు నన్ను లేపేది ఆ కృష్ణ గాలే.

గానుగెద్దులా తిరుగుతున్నట్టుంది

ఇష్టమైనది ఏదీ తోడు లేకపోతే అలాగే ఉంటుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో కేథరిన్ మిల్క్‌మన్ బృందం ఉత్కంఠ రేపే ఆడియో నవలలు జిమ్‌లోనే వినేలా ఏర్పాటు చేస్తే, మొదట్లో జనం జిమ్‌కి ఎక్కువ వచ్చారు. మధ్యలో సెలవులు రాగానే ఆ ఊపు పోయింది. కాబట్టి కథ మంచిదే, కానీ మనిషి కూడా కావాలి. మీరు రాని రోజు “ఏవండీ, ఒంట్లో బాగాలేదా?” అని ఫోన్ చేసే మనిషి.

నడక అయ్యాక ఆ మనిషితో ఇడ్లీ, అల్లం చట్నీ. కరిగించిందంతా అక్కడే తినొచ్చారా అని ఇంట్లో అంటారు. అననివ్వండి. పునుగులైతే మాత్రం నేను ఇంట్లోవాళ్ల పక్షమే.

ఇవన్నీ చేసినా నడక నచ్చకపోతే మానేసి షటిల్ ఆడండి.

ఎండాకాలంలో ఆగిపోయింది

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో ఇది మామూలే. తెల్లారకముందే ముగించండి, లేదా ఆ రెండు నెలలూ ఇంట్లోనే ఫ్యాన్ కింద సూర్యనమస్కారాలకు మారండి.

నాలుగు రోజులు మానితే ఇక వెళ్లబుద్ధి కాలేదు

21 రోజుల్లో అలవాటైపోతుందన్న మాట నమ్మడం వల్ల వచ్చే నిరాశ ఇది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనిస్తే, ఒక పని అలవాటుగా మారడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలు, కొందరికి 254 దాకా పట్టొచ్చని లెక్క తేలింది. ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్దగా నష్టం లేదనీ తేలింది.

పెళ్లిళ్ల సీజన్‌లో నాలుగు రోజులు పోతే అయిదో రోజు పది నిమిషాలు నడిచి రండి. పాత బాకీ తీర్చాలని గంటన్నర నడిచారో, మళ్లీ మెట్లు దిగలేని నొప్పి దగ్గరికే వస్తారు.