సీడర్ కంచె వేయించే ముందు గుంజల మొదళ్లు చూడండి

మొన్నటి గాలివానకు మా వీధిలో కొత్తగా ఇల్లు కొన్న కుర్రాడి సీడర్ కర్ర కంచె ఒక పక్కంతా పెరట్లోకి ఒరిగిపోయింది. వేసవిలో శనివారాలన్నీ వెచ్చించి దానికి రంగు పట్టించాడు. పలకలు ఇప్పటికీ నిగనిగలాడుతున్నాయి. గుంజలు మాత్రం సరిగ్గా నేలమట్టం దగ్గర, వేలితో గుచ్చితే దిగేంతగా పుచ్చిపోయి ఉన్నాయి. ఇల్లు అమ్మినవారు కంచె వెంబడి జానెడు ఎత్తున మల్చ్, అంటే చెక్కపొట్టు, పోసి వెళ్లారు. దాన్ని తవ్వి చూడమని అతనికి చెప్పినవారు లేరు. అందుకే ఇది రాస్తున్నాను.

అమెరికాలో సొంతింట్లో దిగిన తొలి నెలలు ఎలా గడుస్తాయో నాకు తెలుసు. మా కంచె వేసిన కాంట్రాక్టరు పనివాళ్లను పంపి తాను రాలేదు. వాన నీళ్లు నిలిచిన గుంటల్లోనే గుంజలు నిలబెట్టి కాంక్రీటు పోసి వెళ్లారు. చలికాలం దాటేసరికి గేటు వైపు గుంజ వంగింది. ఫోను చేస్తే ఎత్తేవారు లేరు. ఒక పక్క కాలనీ సంఘం నుంచి ఉత్తరాలు, మరో పక్క పొరుగువారి ముభావం. రాత్రి గాలి చప్పుడు వినిపిస్తే నిద్ర పట్టేది కాదు. ఎవరిని అడిగినా ఏ రంగు వేయాలో చెప్పారు తప్ప, గుంజ నేలలో ఎలా నిలబడుతుందో ఒక్కరూ చెప్పలేదు.

అనుమతుల సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. హెచ్‌ఓఏ, అంటే కాలనీ సంఘం, ఉంటే దాని రాతపూర్వక అంగీకారం, నగరం అడిగితే పర్మిట్, హద్దులు తేల్చే సర్వే పటం, ఈ మూడూ చేతిలో లేనిదే పని మొదలుపెట్టించకండి. పెరటి కంచె ఆరు అడుగులకు మించకూడదన్న నియమం చాలా ఊళ్లలో ఉంది. ఇంటి ముందు ఇంకా తక్కువ. నున్నటి వైపు బయటికి, అడ్డకర్రలు కనిపించే వైపు మీ పెరట్లోకి ఉండాలనే ఊళ్లూ ఉన్నాయి. ఉమ్మడి హద్దు మీద కంచెకు కాలిఫోర్నియాలో సివిల్ కోడ్ 841వ సెక్షన్ ప్రకారం ఇరువైపుల వారూ ఖర్చు సమానంగా భరించాలన్నది సాధారణ నియమం. అయితే 30 రోజుల ముందే పొరుగువారికి రాతపూర్వకంగా తెలియజేయాలి. చట్టం సంగతి ఎలా ఉన్నా, ముందు వెళ్లి తలుపు తట్టి మాట్లాడండి. ఉత్తరంతో మొదలైన పొరుగు సంబంధం బాగుపడటానికి ఏళ్లు పడుతుంది.

గుంట తవ్వే ముందు 811కు ఫోను చేయండి. దేశమంతటికీ ఒకటే నంబరు, ఖర్చు లేదు. కొద్ది పనిదినాల్లో మనుషులు వచ్చి, నేల కింద గొట్టాలు, తీగలు ఎక్కడున్నాయో తెలిసేలా నేల మీద రంగులతో గుర్తులు పెడతారు. ఎరుపు కరెంటు, పసుపు గ్యాసు, నీలం మంచినీళ్లు, ఆకుపచ్చ మురుగు, నారింజ ఫోను, కేబుల్ తీగలు. మీ పెరట్లో మీరు వేయించుకున్న స్ప్రింక్లర్ గొట్టాలను వారు గుర్తించరు, అవి మీరే చూసుకోవాలి. కాంట్రాక్టరు "నాకు ఈ వీధి కొత్త కాదు, ఫోను అక్కర్లేదు" అంటే ఆ మనిషిని అక్కడే పంపేయండి. గ్యాసు గొట్టం ఎవరి అనుభవాన్నీ లెక్కచేయదు.

ఇక కర్ర. ఇక్కడ కంచెలకు వాడే సీడర్‌లో ఎక్కువగా పేరు వినేది వెస్టర్న్ రెడ్ సీడర్. వాషింగ్టన్, ఆరెగాన్ రాష్ట్రాల్లో, కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో పెరిగే చెట్టు. తేలికైన కర్ర, ఎండకూ వానకూ పెద్దగా మెలి తిరగదు. దాని చేవలో, అంటే మాను నడిమి ముదురు చెక్కలో, బూజును, పురుగును అడ్డుకునే సహజ రసాయనాలు ఉంటాయి. ఆ శక్తి చేవకే ఉంది. చేవ చుట్టూ ఉండే పాలిపోయిన తెల్లచెక్కకు లేదు. కాబట్టి పలకల కట్ట విప్పించి చూడండి. ఎర్రటి గోధుమరంగు చెక్క ఉంచండి, అంచుల్లో వెడల్పాటి తెల్ల చారలున్నవి తీసేయించండి. ముడులు ఉంటే ఫరవాలేదు, అవి బిగువుగా ఉండాలి. వేలితో కదిపితే కదిలే ముడి రేపు రాలి కన్నం అవుతుంది. "సీడర్" అని రాసి ఉన్నంత మాత్రాన ఇదే కర్ర అనుకోకండి. జపాన్ నుంచి వచ్చే వేరే జాతినీ ఆ పేరుతోనే అమ్ముతారు. పక్కనే వైట్‌వుడ్ పలకలు చవగ్గా కనిపిస్తాయి, వాటికి ఈ చేవ గుణం లేదు. ఏ జాతో అడిగి బిల్లు మీద రాయించుకోండి. పలక మందం కూడా అడగండి, అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులకు తగ్గితే నేనైతే తీసుకోను.

ఇప్పుడు అసలు విషయం, గుంజలు. దయచేసి ఈ భాగాన్ని దాటవేయకండి.

కర్ర పుచ్చడానికి బూజుకు తేమ కావాలి, గాలి కావాలి, కాస్త వెచ్చదనం కావాలి. కర్రలో తేమ 20 శాతం లోపు ఉంటే అది బతకలేదు. నేలకు పైన గుంజ ఆరిపోతూ ఉంటుంది. బాగా లోతున గాలి చాలదు. నేల మట్టానికి అటూ ఇటూ కొన్ని అంగుళాల మేర మాత్రం తేమ, గాలి రెండూ ఎప్పుడూ అందుతాయి. కంచె బతుకంతా ఆ కొద్ది అంగుళాల మీదే ఆధారపడి ఉంది. పలకలు ఎంత మేలురకమైనా, పైన ఎంత ఖరీదైన పూత పూసినా ఆ చోటుకు దక్కేది ఏమీ లేదు.

అందుకని సీడర్ గుంజలే కావాలని పట్టుపట్టకండి. అందానికి పలకలు, అడ్డకర్రలు సీడర్‌వి పెట్టుకోండి. గుంజలకు నేలలో పాతడానికి తగిన ప్రెషర్ ట్రీటెడ్ కర్ర, అంటే పుచ్చకుండా ఒత్తిడితో మందు ఎక్కించిన కర్ర, తీసుకోండి. దాని కొనకు కొట్టిన చిన్న చీటీ మీద "గ్రౌండ్ కాంటాక్ట్" అనీ, నేలలో పాతడానికి పనికొస్తుందని తెలిపే యూసీ4ఏ లేదా యూసీ4బీ గుర్తు అనీ ఉందో లేదో మీ కళ్లతో చదవండి. పొడవు ఎక్కువై కోయాల్సి వస్తే కోసిన కొన పైకి ఉండాలి. తప్పనిసరై కిందికి పెడితే ఆ కోతకు కాపర్ నాఫ్తనేట్ మందు పూయాలి. మందు కర్ర లోపలి వరకూ సమంగా ఇంకదు కనుక కోత దగ్గర బోసి చెక్క బయటపడుతుంది. ఇంకొంచెం ఖర్చుకు వెనుకాడకపోతే గాల్వనైజ్డ్, అంటే తుప్పు పట్టకుండా జింకు పూత పూసిన, ఉక్కు గుంజలు వేయించండి. టెక్సాస్‌లో ఎండాకాలం బిగుసుకుపోయి, వాన పడితే ఉబ్బే నల్లమట్టి నేలల్లో ఇవి బాగా వాడుకలో ఉన్నాయి. బయటికి ఉక్కు కనిపించకుండా పలకలతో మూసేయవచ్చు. నన్ను అడిగితే ఇదే సరైన దారి.

కంచె ఎత్తులో కనీసం మూడో వంతు లోతున గుంజ నేలలో ఉండాలి. ఆరడుగుల కంచె అంటే కనీసం రెండడుగులు లోపలికి, గేటు గుంజలు అంతకన్నా ఎక్కువ. చలిప్రదేశాల్లో ఇది చాలదు, ఎందుకంటే గడ్డకట్టిన నేల గుంజను పైకి ఎత్తేస్తుంది. మిన్నెసోటాలో ఇళ్ల పునాదులకే దక్షిణాన 42 అంగుళాలు, ఉత్తరాన 60 అంగుళాల లోతు అడుగుతారు; మీ ఊరి నగర కార్యాలయాన్ని అడిగితే అక్కడి లోతు చెబుతారు. గుంట అడుగున కొన్ని అంగుళాలు కంకర పోయించండి, నీళ్లు దిగిపోవడానికి. గుంజ అడుగు ఆ కంకర మీద నిలవాలి, కాంక్రీటు గిన్నెలో మునిగి ఉండకూడదు. పైన కాంక్రీటును నేల కంటే కాస్త ఎత్తుగా తెచ్చి, గుంజ నుంచి బయటికి వాలుగా తీయించండి. చాలామంది నేలకు సమంగా, కొందరు గుంటలా వదిలేసి వెళ్తారు. అక్కడ నిలిచిన ప్రతి వాన చుక్కా గుంజ లోపలికే పోతుంది. పనివాళ్లు కాంక్రీటు పోసే రోజు మీరు అక్కడ నిలబడి ఉండండి. ఆఫీసు పని ఉందంటే సెలవు పెట్టండి. ఈ ఒక్క మాట వినండి చాలు.

ఇంత చేసి కూడా తర్వాత మనమే నీళ్లు పెట్టి పాడు చేసుకుంటాం. స్ప్రింక్లర్ ధార రోజూ పొద్దున కంచె అడుగును తడుపుతూ ఉంటుంది. స్ప్రింక్లర్ మూతి పక్కకు తిప్పడం అయిదు నిమిషాల పని, ఎవరూ తిప్పరు. కంచెను ఆనించి కూరగాయల మడులు కట్టి మట్టి ఎత్తుతారు. తీగలు పాకిస్తారు, ఆకుల కింద పలకలు వారాల తరబడి ఆరవు. చూరు గొట్టం నీళ్లు సరిగ్గా గుంజ దగ్గరకే వదులుతారు. మడి కావాలంటే కంచెకు అడుగు దూరంలో కట్టుకోండి, తీగకు వేరే పందిరి వేయండి. పలకల అడుగు అంచుకూ నేలకూ మధ్య రెండు అంగుళాల ఖాళీ ఉంచండి. కుక్కపిల్ల దూరిపోతుందని భయమైతే అడుగున విడిగా ఒక ట్రీటెడ్ పలక అడ్డంగా కొట్టించండి. అది పాడైతే అదొక్కటే మార్చవచ్చు.

మేకుల మాట: హాట్ డిప్ గాల్వనైజ్డ్ లేదా స్టెయిన్‌లెస్ స్టీలు. మామూలు ఇనుప మేకులు సీడర్‌లో సహజంగా ఉండే టానిన్ అనే రసాయనంతో కలిసి నల్లటి చారలు కారుస్తాయి, ఒక వానాకాలం చాలు. గేటుకు వాలు కర్ర కింది బందు దగ్గర మొదలై గడియ వైపు పైమూలకు చేరాలి. తిప్పి పెడితే గేటు నేల రాసుకుంటుంది.

రంగు గురించి అందరూ అడుగుతారు కాబట్టి చెబుతాను. కొత్త పలక మీద నీళ్లు చిలకరించండి. బొట్టుగా నిలిస్తే ఆగండి, ఇంకిపోతే స్టెయిన్ వేయవచ్చు. పైన పొరలా కట్టే పెయింటు వద్దు, లేస్తుంది. చెక్కలోకి ఇంకుతూ దాని గీతలు కనబడనిచ్చే నూనె ఆధారిత సెమీ ట్రాన్స్‌పరెంట్ స్టెయిన్ మేలు. గరుకు పలకే నున్నటి పలక కంటే స్టెయిన్‌ను ఎక్కువగా పట్టి ఎక్కువ కాలం నిలుపుకుంటుంది. విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లోని ఫారెస్ట్ ప్రొడక్ట్స్ లేబరేటరీ, 1910 నుంచి కర్ర మీదే పరిశోధన చేస్తున్న ప్రభుత్వ సంస్థ, చెప్పేదీ ఇదే. దక్షిణం, పడమర వైపులు ముందుగా వెలుస్తాయి, రెండు మూడేళ్లకు మళ్లీ పూత అడుగుతాయి. పలక కోసిన పై అంచులకు రెండు సార్లు పూయండి, నీళ్లు తాగేది అక్కడే. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టి కడిగితే మెత్తటి సీడర్ చీలికలు లేస్తుంది. ఆక్సిజన్ బ్లీచ్ నీళ్లతో తడిపి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, గార్డెన్ గొట్టంతో కడగండి. నూనె స్టెయిన్ తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి గరాజులో పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. బయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి, లేదా నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో మూత పెట్టండి. పలకలను గరుకు కాగితంతో రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి. రెడ్ సీడర్ పొడిలోని ప్లికాటిక్ ఆమ్లం కొందరికి ఉబ్బసం తెస్తుంది.

ఏడాదికి రెండుసార్లు, మంచు కరిగాక ఒకసారి, ఆకులు రాలాక ఒకసారి, కంచె వెంట నడవండి. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంచుకోండి. ప్రతి గుంజ దగ్గరా మట్టి, ఆకులు పక్కకు లాగి, నేలమట్టంలో గుచ్చి చూడండి. గట్టిగా తగిలితే ముందుకు వెళ్లండి. మెత్తగా దిగితే ఆ గుంజకు గుర్తు పెట్టుకోండి. రంగు సంగతి ఆ తర్వాత.

ఇదంతా చదివి బెంగ పెట్టుకునేవారు ఉంటారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. కంచె బూడిదరంగుకు తిరిగితే పాడైపోయినట్టు కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొరలో చెక్క పోగులను పట్టి ఉంచే లిగ్నిన్‌ను కరిగించడం వల్ల వచ్చే మార్పు అది, లోపల చెక్క గట్టిగానే ఉంటుంది. మీకు ఆ రంగు నచ్చితే స్టెయిన్ జోలికే పోనక్కర్లేదు. నీటి నుంచి మొదళ్లను కాపాడితే సీడర్ పలకలు ఏళ్ల తరబడి నిలుస్తాయి. ఒక గుంజ పుచ్చినా కంచె మొత్తం తీసేయాల్సిన పని లేదు. ఆ ఒక్క గుంజకు రెండు పక్కల అడ్డకర్రలు విప్పి, పాత కాంక్రీటు తవ్వి తీసి, కొత్తది పాతి, పాత పలకలే తిరిగి కొట్టుకోవచ్చు. ఇద్దరు మనుషులకు ఒక పూట పని. ఇప్పుడే లేచి గుంజ తీసేయలేకపోతే, పక్కన దిగగొట్టే ఉక్కు ఊతాలు హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి, చలికాలం గడిచేదాకా అవి నిలబెడతాయి. మా వీధి కుర్రాడి పలకలు కూడా దాదాపు అన్నీ పనికొస్తాయి. ఉక్కు గుంజలు తెప్పించమన్నాను, మల్చ్ ముందు తీసేయమన్నాను.