ఒక కొబ్బరికాయ, రెండు దారాలు: జడత్వాన్ని ఇంట్లోనే చూడటం ఎలా?

మా మేనకోడలు తొమ్మిదో తరగతి. మొన్న సెలవులకి మా ఊరొచ్చి, అరుగు మీద కూర్చుని "నిశ్చల స్థితిలో ఉన్న వస్తువు..." అని వల్లె వేస్తోంది. అంటే ఏంటే అమ్మడూ అని అడిగితే, "వస్తువులకి బద్ధకం మావయ్యా" అంది.

తప్పు పిల్లది కాదు, మాటది. జడత్వం అనగానే కదలకుండా పడుండటమే మనకి తోస్తుంది. దీనికి ఇంగ్లీషులో వాడే ఇనర్షియా అన్న మాటకి కూడా లాటిన్‌లో సోమరితనమనే అర్థం. దాన్ని భౌతికశాస్త్రంలోకి తెచ్చిన ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ సైతం కదలడానికి మొరాయించే గుణమనే అనుకున్నాడు. 1687లో న్యూటన్ అచ్చువేసిన మొదటి గమన నియమం ఇంకో సగం కూడా చెబుతుంది. ఆగి ఉన్నది తనంతట తాను కదలదు, సరే. కదులుతున్నది కూడా తనంతట తాను ఆగదు, పక్కకి తిరగదు. ఏ మార్పు రావాలన్నా బయటి నుంచి బలం పడాలి. ద్రవ్యరాశి, అంటే వస్తువులో ఉన్న పదార్థం, ఎంత ఎక్కువైతే ఆ మార్పు తేవడం అంత కష్టం.

ఇది చూడటానికి ల్యాబ్ అక్కర్లేదు. కోనసీమలో కొబ్బరికాయకి కొదవా?

ముందు రూపాయి బిళ్ళతో

గ్లాసు మీద పాత శుభలేఖ అట్ట పెట్టి, దాని మీద ఐదు రూపాయల బిళ్ళ ఉంచండి. అట్టని వేలితో అడ్డంగా టక్కున మీటండి. అట్ట ఎగిరిపోతుంది, బిళ్ళ గ్లాసులో పడుతుంది. అదే అట్టని మెల్లగా లాగితే బిళ్ళ కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. మెల్లగా లాగినప్పుడు ఘర్షణకి బిళ్ళని వెంట తీసుకుపోయే వ్యవధి దొరుకుతుంది, మీటినప్పుడు దొరకదు. వ్యవధి అన్న మాట గుర్తుపెట్టుకోండి.

అసలు పని కొబ్బరికాయతో

కావలసినవి: డొక్క వలిచిన కాయ ఒకటి, కొంచెం పురికొస, బట్టలు కుట్టే నూలు దారం, పెన్సిలు, ఒక పాత బొంత. దారం నూలుదే కావాలి. నేను మొదటిసారి గట్టిగా ఉంటుంది కదా అని గాలానికి వాడే నైలాన్ దారం కట్టాను. అది సాగింది గానీ తెగలేదు. తెగింది నా చూపుడువేలు.

1. కాయకి పురికొసని నిలువుగా రెండు వైపులా చుట్టి బిగించండి. పైన ఒక ముడి, సరిగ్గా దాని కింద ఇంకో ముడి రావాలి.

2. పై ముడికి మూరెడు నూలు దారం కట్టి వాసానికో జామకొమ్మకో వేలాడదీయండి. ఒంటి పేట దారం కాయ బరువుకే తెగిపోతే రెండు పేటలు వెయ్యండి.

3. కింది ముడికి అదే దారం, అన్నే పేటలు, జానెడు పొడవున కట్టండి. రెండో కొసని పెన్సిలుకి చుట్టండి. పట్టుకోవడానికి అదే పిడి, వేలు కోసుకోదు.

4. కాయ కింద బొంత మడతపెట్టి పరవండి. పక్కకి నిలబడండి, పాదాలు కాయ కింద ఉండకూడదు.

5. ఇప్పుడు పెన్సిలుని మెల్లగా, బరువు పెంచుకుంటూ కిందికి లాగండి.

పై దారం తెగి కాయ బొంత మీద పడుతుంది. మా అమ్మడు దీనికేం ఆశ్చర్యపోలేదు. మళ్ళీ కట్టాం.

6. ఈసారి చేతిని కాస్త పైకి తెచ్చి కింది దారాన్ని వదులు చెయ్యండి. ఒక్క ఉదుటున కిందికి గుంజండి. దారం బిగిసేసరికే చెయ్యి వేగం మీద ఉండాలి, కిటుకంతా అదే.

టప్‌మని కింది దారం తెగి పెన్సిలు చేతిలోకొచ్చింది. కాయ పైనే ఉంది, పెద్దగా ఊగను కూడా లేదు. "ఇదేంటి మావయ్యా, గట్టిగా లాగితే పడలేదు!" అని పిల్ల కాయ చుట్టూ తిరిగింది.

లెక్క చూద్దాం. కాయ 600 గ్రాములనీ, దారం కిలో బరువుకి తెగుతుందనీ అనుకోండి. మెల్లగా లాగినప్పుడు కింది దారం మోసేది మీ చేతి బలాన్నే. పై దారం కాయ బరువుని కూడా మోస్తోంది. మీరు 400 గ్రాముల బరువంత లాగేసరికి దానికి కిలో నిండిపోతుంది.

గుంజినప్పుడు కథ వేరు. మీ చేతి బలం పై దారానికి తెలియాలంటే ముందు కాయ కొంచెం కిందికి దిగాలి, దిగి పై దారాన్ని సాగదియ్యాలి. సెకనులో నూరో వంతు కాలం కిలో బరువంత బలంతో లాగినా, ఆ కాయ దిగేది ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఈలోపు కింది దారం పని అయిపోతుంది. పై దారాన్ని కాపాడింది కాయ ద్రవ్యరాశే.

మీరు గుంజినా పై దారమే తెగుతోందంటే చెయ్యి నిదానంగా ఉన్నట్టు. లేదా కింది దారం మరీ పొడుగైంది, అది సాగేలోపు కాయ కదిలిపోతోంది. కురచ చేసి చూడండి.

కదిలేది ఆగనంటే?

వదులైన పారని తీసుకుని, కామ రెండో కొసని గట్టి నేలకేసి నిలువుగా కొట్టండి. కామ నేల తగిలి ఆగిపోతుంది. పార రేకు మాత్రం అదే ఊపులో కిందికి వస్తూ కామని ఇంకా లోపలికి బిగించుకుంటుంది. పొలంలో అందరూ చేసేదే, దీనికి పేరుందని ఎవరూ అనుకోరు.

వంటింట్లో చూడాలంటే ఒక పచ్చి గుడ్డు, ఒక ఉడికిన గుడ్డు పళ్ళెంలో తిప్పండి. వేలితో ఒక్క క్షణం ఆపి వదిలెయ్యండి. ఉడికింది ఆగిపోతుంది. పచ్చిది మళ్ళీ మెల్లగా తిరగడం మొదలెడుతుంది. మీరు ఆపింది పెంకుని, లోపలి సొన తిరుగుతూనే ఉంది.

చివరిది పంటు మీద

నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు (జనాన్నీ బళ్ళనీ రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కినప్పుడు, గోదావరి మధ్యలో అది నిలకడగా పోతుండగా, అంచుకి దూరంగా నిలబడి బిళ్ళని నిటారుగా జారవిడవండి. అది కిందపడేలోపు పంటు ముందుకి పోతుంది కదా, బిళ్ళ వెనక పడాలి అనిపిస్తుంది. పడదు, మీ పాదాల దగ్గరే పడుతుంది. చేతిలో ఉన్నప్పుడే దానికి పంటు వేగం ఉంది, వదిలినంత మాత్రాన అది పోదు. ఓడ మీద ఇలాగే జరుగుతుందని గెలీలియో 1632లోనే రాశాడు.

పంటు రేవుకి తగలగానే అందరూ ఒక అడుగు ముందుకి తూలుతారు. "వెనక నుంచి తోసిందెవరు?" అని అమ్మడిని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఎవరూ తొయ్యలేదు, కాళ్ళు మాత్రమే ఆగాయి" అంది. పరీక్షలో ఇంతకంటే బాగా రాయక్కర్లేదు.

దిగే తొందరలో ఉన్నా సరే, పడవవాళ్ళు తాడుని గుంజకి ఎలా వేస్తారో ఒకసారి చూడండి. ఒకటి రెండు చుట్లు తిప్పి, పడవ ఆగేదాకా తాడుని కొంచెం కొంచెంగా జారనిస్తారు. ఊపు మీదున్న పడవకి ఒక్కసారిగా ముడి బిగిస్తే అది మన కింది దారంలాగే టప్‌మంటుంది.