పులిపిరికి మందు పెట్టే ముందు

వేలి మీద పులిపిరి లేచిందంటే చెయ్యి ఊరుకోదు. గిల్లుతాం, కొరుకుతాం, విసుగొస్తే బ్లేడు తీస్తాం. దయచేసి ఆ పని చేయకండి. పులిపిరి వచ్చేది హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల. కోసినచోట అది పక్క చర్మానికీ అంటుకుని, ఒకటి ఉన్నచోట నాలుగు లేవొచ్చు. గోళ్లు కొరికే పిల్లలకు గోటి చుట్టూ వరసగా రావడం ఇందుకే.

ముందు అది పులిపిరేనా అని తేల్చుకోవాలి. అరికాలిలో ఆనెకాయ కూడా అలాగే కనబడుతుంది. పులిపిరిలో తరచూ సన్నని నల్లచుక్కలుంటాయి, అవి గడ్డకట్టిన చిన్న రక్తనాళాలు. రంగు మారుతున్నా, దానంతటదే రక్తం కారుతున్నా, త్వరగా పెరుగుతున్నా, పెద్ద వయసులో కొత్తగా వచ్చినా ఏ మందూ పూయకుండా డాక్టరుకు చూపించండి.

ఏ వైద్యం మంచిదనేది అది ఎక్కడుందన్న దాన్నిబట్టి ఉంటుంది. నెదర్లాండ్స్‌లో జనరల్ ప్రాక్టీస్ డాక్టర్ల దగ్గరికి వచ్చిన 250 మందిపై చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. కొందరికి రెండు వారాలకోసారి లిక్విడ్ నైట్రోజన్‌తో ఫ్రీజింగ్ (విపరీతమైన చలితో పులిపిరిని గడ్డకట్టించడం) చేశారు, కొందరు రోజూ 40 శాతం సాలిసిలిక్ యాసిడ్ పూసుకున్నారు, మిగతావారు ఊరికే వేచి చూశారు. 13 వారాలకు మామూలు పులిపిర్లు పూర్తిగా పోయినవారు ఫ్రీజింగ్‌లో 49 శాతం, యాసిడ్‌తో 15, వేచి చూసినవారిలో 8. అరికాలి పులిపిర్లలో మాత్రం 30, 33, 23. అది చెప్పుకోదగ్గ తేడా కాదని తేలింది. అందుకే అరికాలిలో నొప్పి లేని పులిపిరికి ఫ్రీజింగ్ బాధ పడటం నాకు సబబనిపించదు.

ఫ్రీజింగ్‌కి వెళ్తుంటే కొన్ని ముందే తెలిసి ఉండాలి. లిక్విడ్ నైట్రోజన్ చలి మైనస్ 196 డిగ్రీలు. మంట పుడుతుంది, మర్నాటికి నీటిపొక్కు రావొచ్చు, దాన్ని చిదమకూడదు. చామనఛాయ, నల్లటి చర్మంపై తెల్లమచ్చో నల్లమచ్చో చాలాకాలం మిగలొచ్చు. వేలి పక్కన నరాలుంటాయి, వాటికి దెబ్బ తగలొచ్చు, గోటి మొదట్లో చేస్తే గోరు వంకర పోవచ్చు. షుగర్ ఉన్నా, కాళ్లకు రక్తప్రసరణ తక్కువైనా, చలికి వేళ్లు తెల్లబడే అలవాటున్నా డాక్టరుకు ముందే చెప్పండి. చిన్నపిల్లలకైతే నొప్పి ఉంటుందని నిజం చెప్పి తీసుకెళ్లండి. నొప్పి లేదని చెబితే రెండోసారి రారు.

యాసిడ్‌కి ఓపిక కావాలి. పులిపిరిని గోరువెచ్చని నీళ్లలో ఐదు పది నిమిషాలు నానబెట్టి, మెత్తబడిన పొరను గరుకు రాయితో మెల్లగా రుద్ది, చుట్టూ వాజ్‌లీన్ రాసి, పులిపిరి మీద మాత్రమే మందు పెట్టాలి. సాధారణంగా 12 వారాల వరకు పడుతుంది. పుండు పడితే మానేసి, తగ్గాక మొదలుపెట్టండి. ముఖం మీద, మర్మాంగాల దగ్గర ఇది పూయకూడదు. షుగర్ ఉన్నవాళ్లు పాదాలకు సొంతంగా అసలు వాడకండి. ఈ యాసిడ్ ద్రవాలు చాలావరకు నిప్పంటుకునేవి, స్టవ్ దగ్గర సీసా తెరవొద్దు.

పిల్లల పులిపిర్లు చాలావరకు రెండేళ్లలోపు వాటంతటవే పోతాయి. నొప్పి లేకపోతే టెన్షన్ పడి తొందరపెట్టక్కర్లేదు. అప్పటిదాకా వాళ్ల టవలు వేరుగా ఉంచండి, పులిపిరిని రుద్దిన రాయితో ఇంకెవరూ మడమలు రుద్దుకోకుండా చూడండి.