రేపు ఎన్నింటికి వదులుతారు? రొయ్యల ప్లాంటులో పనిగంటలు, సెలవులు, సౌకర్యాలు అమర్చుకునే పద్ధతి

భీమవరం, నరసాపురం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో సాయంత్రం నాలుగింటి టీ టైములో ఆడవాళ్లు ఇంటికి చేసే ఫోన్లలో ఒక మాట తరచూ వినబడుతుంది: "ఏమోరా, లోడొస్తే చెప్పలేను." పొయ్యి మీద అన్నం ఎవరు పెట్టాలో, ట్యూషన్ నుంచి పిల్లని ఎవరు తేవాలో ఆ మాట దగ్గరే ఆగిపోతుంది. సిబ్బంది బాగోగుల పేరుతో యోగా దినం జరిపి, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టి, కనుమనాడు మాత్రం పనికి రమ్మనే యాజమాన్యాలు ఉన్నాయి. ముందు మనిషిని చెప్పిన టైముకి వదలడం నేర్చుకోండి. మిగతా సౌకర్యాలు దాని తరువాత. ఇక్కడ చెప్పేది యాభై నుంచి మూడొందల మంది దాకా పనిచేసే ప్లాంట్ల కోసం. రైసు మిల్లులకీ ఐసు ఫ్యాక్టరీలకీ చాలావరకు సరిపోతుంది.

గేటు రిజిస్టరుతో మొదలు

పోయిన నాలుగు వారాల గేటు రిజిస్టరు తీయించండి. ఒక్కో పేరు ఎదురుగా లోపలికొచ్చిన టైము, బయటికెళ్లిన టైము, ఆ రోజు ఎన్నింటికి వదులుతామని చెప్పారో ఆ టైము రాయించండి. మూడో గడి చాలాచోట్ల ఖాళీగానే మిగులుతుంది, ఎవరూ ఏ టైమూ చెప్పి ఉండరు కాబట్టి. వారంలో 48 గంటలు దాటినవాళ్లకి, వారపు సెలవు లేకుండా ఏడో రోజూ వచ్చినవాళ్లకి ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. రోజుకి ఎన్ని గంటలన్న హద్దు విషయంలో ఈమధ్య చట్టాలు మారాయి, అది మీ లేబర్ కన్సల్టెంటుతో సరిచూసుకోండి. వారానికి 48 గంటలు, ఓటీకి (అదనపు గంటలకి) రెట్టింపు కూలి అన్న లెక్క మాత్రం 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ ఉన్నదే.

సూపర్‌వైజర్లని, క్వాలిటీ వాళ్లని, ఫ్రీజర్లని చల్లబరిచే అమ్మోనియా కంప్రెసర్ ఆపరేటర్లని ఈ లెక్కలోంచి తప్పించకండి. నెలజీతం కనుక వాళ్ల అదనపు గంటలు ఎక్కడా కనబడవు. గేటు దాటేవాళ్లలో ఆఖరు వాళ్లు తరచుగా వీళ్లే.

లోడు, ఐసు, మనుషులు

పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) ఎప్పుడవుతుందో, లారీ ఎప్పుడొస్తుందో మీ చేతిలో లేదు. వచ్చాక ఎన్ని గంటలు పడుతుందో మాత్రం ముందే లెక్కకట్టొచ్చు. మీ రిజిస్టరు ప్రకారం తల తీయడంలో మనిషి సగటు గంటకి 15 కిలోలు అనుకుందాం. 6 టన్నుల లోడుకి 400 మనిషి గంటలు. టేబుళ్ల దగ్గర 50 మంది ఉంటే 8 గంటలు, విరామాలు కలిపితే తొమ్మిది. మధ్యాహ్నం రెండింటికి దిగిన లోడు రాత్రి పదకొండు దాకా నడుస్తుందన్నమాట. పొద్దున ఏడింటికి వచ్చిన బ్యాచిని దాన్ని ముగించి వెళ్లమనడం కుదరని పని. కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది కూడా చూసుకోవాలి. 100 కౌంటు రొయ్య 40 కౌంటు కన్నా కిలోకి ఎక్కువ సేపు తింటుంది, రెండింటికీ ఒకే సగటు వేస్తే మీరు చెప్పిన టైము రోజూ తప్పుతుంది.

పట్టుబడి ఖాయమవగానే కొనుగోలు మనిషి నాలుగు సంగతులు పంపాలి: ఊరు, టన్నులు, కౌంటు, లారీ కదిలే టైము. వాటిని బట్టి సాయంత్రం 4 గంటలకల్లా రేపు వదిలే టైము బోర్డు మీద రాయండి. తెలుగులోనూ, ఒడియా వాళ్లుంటే ఒడియాలోనూ. పొద్దున 7 నుంచి 3.30 దాకా ఒక బ్యాచి, మధ్యాహ్నం 1 నుంచి 9.30 దాకా ఇంకో బ్యాచి పెడితే మధ్యలో రెండున్నర గంటలు రెండు బ్యాచిలూ కలుస్తాయి. లోడు దించడానికి, గ్రేడింగుకి ఆ సమయం పనికొస్తుంది. అంచనా తప్పే రోజుల కోసం పదిమందితో పిలుపు జాబితా ఒకటి ఉంచండి. జాబితాలో ఉన్న రోజు పిలవకపోయినా సగం కూలి ఇవ్వాలి. ఆ సగం ఎగ్గొడితే రెండో వారానికి జాబితాలో ఎవరూ ఉండరు.

"ఇవాళ తేలకపోతే సరుకు పాడైపోతుంది" అన్న వాదన మీకు రోజూ వినబడుతుంది. రొయ్య ఎంత బరువుంటే అంత బరువు ఐసు, పొరమీద పొర వేసి, కరిగిన నీళ్లు బయటికి పోయే టబ్బుల్లో, 4 డిగ్రీల లోపు ఉంచితే, క్వాలిటీ వాళ్లు చూసి సరేనన్నాక, రాత్రి దిగిన లోడు పొద్దుటి బ్యాచి దాకా ఆగుతుంది. అర్ధరాత్రి ఓటీల్లో పెద్ద వాటా ఐసు దగ్గర చేసిన పొదుపు వల్ల పడుతుంది. 50 మందిని రెండు గంటలు ఆపితే రెట్టింపు లెక్కన 200 గంటల కూలి. దాని పక్కన రెండు టన్నుల ఐసు ధర రాసి, ఆ కాగితం ఓనరు గారి టేబుల్ మీద పెట్టండి.

చేతులు, కాళ్లు, నీళ్లు

కిలో లెక్కన కూలి ఇచ్చే చోట విరామం ఇచ్చినా ఎవరూ తీసుకోరు. లేచిన పది నిమిషాలూ డబ్బు పోతున్నట్టే లెక్క. ఆ పది నిమిషాలకి మనిషి తన సగటు కిలోల కూలి పడేలా లెక్క రాయించండి, అప్పుడే లేస్తారు. రెండు గంటలకోసారి పది నిమిషాలు, భోజనానికి కనీసం అరగంట. మేస్త్రీ చేతిలో విజిల్ పెట్టకండి. గోడ గడియారానికి బెల్లు కట్టండి, లోడు ఎంతున్నా అది మోగాలి.

ఐసు నీళ్లలో గంటలకొద్దీ నానిన వేళ్లు తెల్లగా ఉబ్బి, చర్మం ముడతలు పడి, రొయ్య కొమ్ము గుచ్చుకున్న చోట చీము పడుతుంది. లోపల పలచటి నూలు గ్లవుజు, పైన రబ్బరుది వేయించండి. నూలుది తడిస్తే మార్చుకోవడానికి మనిషికి రోజుకి మూడు జతలు పడతాయి. చిల్లి పడిన గ్లవుజు చూపించి కొత్తది అడిగితే సంతకాలు, కోతలు పెట్టకండి. దాచుకుని చిల్లిదే వాడతారు. చేతులు ముంచే క్లోరిన్ నీళ్ల డోసుని కంటి అంచనాతో కలపనివ్వకండి, పరీక్ష పట్టీతో చూడాలి. ఘాటెక్కువైతే ముందు పగిలేది వేళ్ల సందులే. షిఫ్టు అయ్యాక గోరువెచ్చని నీళ్లు, పొడి తువ్వాలు, కొబ్బరినూనె సీసా ఒకటి కడుక్కునే చోట పెట్టండి. నూనె పనిలోకి వెళ్లేముందు రాయకూడదు. గంబూట్లు కొలతల వారీగా కొనండి. ఆరో నంబరు కాళ్లకి ఎనిమిదో నంబరు బూటు వేస్తే తడి నేల మీద నడుము పట్టేస్తుంది.

ఎవరూ పైకి చెప్పని ఇబ్బంది ఇంకొకటి ఉంది. బాత్రూముకి వెళ్లాలంటే ఏప్రాను, టోపీ, గ్లవుజులు, బూట్లు అన్నీ విప్పి మళ్లీ వేసుకోవాలి, టేబుల్ దగ్గర మేస్త్రీ చూపు భరించాలి. అందుకని చాలామంది ఆడవాళ్లు పొద్దుట్నుంచీ నీళ్లు తాగడం మానేస్తారు. మూత్రంలో మంట, జ్వరం, రెండు రోజుల నాగా దీనివల్లే వస్తాయి. పదిహేను మందికి ఒక బదిలీ మనిషిని పెట్టండి. ఎవరు లేస్తే వాళ్ల చోట ఆమె నిలబడుతుంది, ఎవరినీ అడగక్కర్లేదు. పాతికమంది ఆడవాళ్లకి ఒక మరుగుదొడ్డి కన్నా తక్కువ ఉండకూడదు. లోపల గడియ, కొక్కెం, బకెట్టు, మూత ఉన్న డబ్బా ఉన్నాయో లేదో వారానికోసారి ఒక ఆడమనిషి చూసి రావాలి.

ఏప్రిల్ నెలాఖర్లో కాలువలు కట్టేశాక తాగునీటి చెరువు అడుగంటుతుంది, నీళ్ల రుచి మారుతుంది. అప్పుడు ట్యాంకరు కోసం వెతుక్కోకుండా మార్చిలోనే నీళ్ల ఏర్పాటు ఖాయం చేసుకోండి. వండే షెడ్డులో, బాయిలర్ దగ్గర, మిల్లులో హమాలీలకి లీటరు నీళ్లకి ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు చొప్పున కలిపి ఉంచండి. అరలీటరుకి ఒకటి కలిపితే బలం రెట్టింపు కాదు, ఉప్పు ఎక్కువై కీడు చేస్తుంది.

యాభై మంది, ఆపైన ఉన్న చోట పిల్లల గది ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు. ఆ గదిని ఖాళీగా ఉంది కదా అని అమ్మోనియా మెషిన్ రూము పక్కన పెట్టకండి. లీకు వస్తే ముందు ఊపిరాడనిది ఆ గదిలో పిల్లలకే.

ఇంటికి చేరడం

రాత్రి 7 నుంచి పొద్దున 6 లోపు ఆడవాళ్ల చేత పని చేయించాలంటే వాళ్ల అంగీకారం కాగితం మీద ఉండాలి, రాకపోకలకి బండి ఉండాలి. చేరిన రోజున ఇరవై సంతకాల మధ్య పెట్టించుకున్నది అంగీకారం కాదు, మూడు నెలలకోసారి విడిగా అడగండి. రానన్నవాళ్లని పొద్దుటి బ్యాచిలోనే ఉంచాలి. మధ్యాహ్నం బ్యాచి వదిలే టైముకి బస్సు సిద్ధంగా ఉండాలి, రోడ్డు మలుపులో దింపి కాలువగట్టు మీద కిలోమీటరు నడిపించకూడదు. సఖినేటిపల్లి వైపు వాళ్లు పని చేస్తుంటే నరసాపురం రేవులో ఆఖరి పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) టైము కనుక్కుని, దానికి గంట ముందు వాళ్లు గేటు దాటేలా చూడండి.

గోదావరి పాయల మధ్యనున్న లంక గ్రామాల వాళ్ల విషయంలో జులై, ఆగస్టుల్లో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద మట్టాన్నే మీ సెలవు నిబంధనగా పెట్టుకోవచ్చు. మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. మొదటి హెచ్చరిక రాగానే లంకల వాళ్ల జాబితా, ఫోన్ నంబర్లు తీసి, వెళ్తామన్నవాళ్లని వెళ్లనివ్వండి. రెండోది వచ్చాక అడగాల్సిన పనిలేదు, జీతంతో ఇంటికి పంపాలి. భద్రాచలంలో 43 అడుగులు దాటిందన్న వార్త దీనికి ముందే వస్తుంది, బోర్డు మార్చుకోవడానికి అది చాలు.

సెలవులు

ఇక్కడి క్యాలెండరు ప్రభుత్వ సెలవుల పట్టికతో సరిపోదు. భోగి, సంక్రాంతి, కనుమ, భీమవరంలో మావుళ్లమ్మ ఉత్సవాలు, కోనసీమలో ప్రభల తీర్థం, భీష్మ ఏకాదశికి అంతర్వేది. వీటికి తోడు సార్వా నాట్లు, దాళ్వా కోతలు: ఇంటి దగ్గర ఎకరం కౌలు ఉన్నవాళ్లు ఎలాగూ రారు. చెప్పకుండా మానేస్తే మీకే ఇబ్బంది, ముందే అడిగి రాసుకోండి. నవంబరులోనే సంక్రాంతి సెలవు చీటీలు తీసుకుని, ఎక్కువమంది కోరిన రోజుకి లాటరీ వేయండి. నిరుడు పండక్కి పనిచేసినవాళ్ల పేర్లు లాటరీలో వేయకుండా వాళ్లకి ముందుగా ఇవ్వాలి. ఒడిశా, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లకి రానూపోనూ ప్రయాణానికే రోజులు పోతాయి, వారపు సెలవులు పోగేసి రథయాత్రకో దుర్గాపూజకో ఒకేసారి వాడుకోనివ్వండి. తిరిగి రారేమోనని ఆధార్ కార్డో నెల జీతమో పట్టుకోవడం వెట్టి కిందికే వస్తుంది.

జబ్బు సెలవు దగ్గర పెద్ద తప్పు రిజిస్టరులో జరుగుతుంది. జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకి ఈఎస్‌ఐలో (కార్మికుల ఆరోగ్య బీమాలో) జీతం మీద కార్మికుడి వాటా 0.75 శాతం, మీది 3.25 శాతం. ఆరు నెలల్లో 78 రోజులకి చందా కట్టి ఉంటేనే జబ్బు చేసినప్పుడు 70 శాతం జీతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. కాంట్రాక్టరు నెలకి పాతిక రోజులు పనిచేసినవాళ్లకి పది రోజులే రాసి పంపితే, మంచాన పడిన మనిషి చేతికి ఏమీ రాదు. నెలకోసారి గేటు రిజిస్టరుని చందా పట్టికతో పోల్చి చూడండి.

ఆఫీసు గదిలో

అమెరికా కొనుగోలుదారు పగలు మనకి రాత్రి. ఆ మెయిళ్ల కోసం డాక్యుమెంటేషన్ కుర్రాణ్ణి పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పది దాకా కూర్చోబెట్టే బదులు మధ్యాహ్నం ఒంటిగంటకి రమ్మనండి. రాత్రి 8 తరువాత వాట్సాప్ గ్రూపులో పని మాట రాయకూడదు. నిజంగా అవసరమైతే ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఒక్కరికే ఫోన్ చేయాలి. ఆ పేరు బోర్డు మీద ఉంటుంది. ఈ నియమాన్ని ముందుగా తప్పేది మేనేజరే, కాబట్టి ఆయన దగ్గర్నుంచే మొదలుపెట్టండి.

జీతం 7వ తేదీ లోపు పడాలి. నిద్రపట్టని బాధల్లో చాలావాటి వెనక చీటీ వాయిదా, వారం వడ్డీ ఉంటాయి. వడ్డీ లేని అడ్వాన్సు, ఒక నెల కూలికి మించకుండా, మూడు వాయిదాల్లో కోసుకునేలా ఇస్తే బయట అప్పు అవసరం తగ్గుతుంది. మనసు బాగోలేనివాళ్లకి 14416 టెలీ మానస్ నంబరు తెలుగులో కూడా పలుకుతుంది, ఉచితం. దాన్ని నోటీసు బోర్డులో కాకుండా బాత్రూము తలుపు లోపలివైపు అంటించండి, ఎవరూ చూడకుండా రాసుకోవచ్చు. పదిమంది, ఆపైన ఉన్న చోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ తప్పనిసరి, దాని సభ్యుల పేర్లు కూడా అక్కడే పెట్టండి. మేస్త్రీ భార్య సభ్యురాలైతే ఎవరూ నోరు విప్పరు.

నెలాఖరుకి మూడు అంకెలు తీయండి: బోర్డు మీది టైముకన్నా అరగంట దాటి వదిలిన రోజులు, అడిగినా ఇవ్వని సెలవులు, మానేసిన మనుషులు. మొదటిది నెలకి నాలుగు దాటితే మళ్లీ లోడు లెక్కకి వెళ్లండి. సగటు కిలోలు ఎక్కువ వేసుకున్నారో, ఐసు తగ్గిందో, పిలుపు జాబితా సగం కూలి ఆగిందో, ఈ మూడింట్లో ఒకటి బయటపడుతుంది.